క్రిస్మస్ కప్‌కేకులు: చెట్టు ఒరిగిపోకుండా, ఎరుపు గులాబీ దగ్గరే ఆగిపోకుండా

మీరు అడిగినవి మూడు. కేకు పైన గోపురంలా లేచి పగులుతోంది, క్రీముతో వేసిన చెట్టు అరగంటకే ఒరిగిపోతోంది, ఎరుపు ఎంత కలిపినా గులాబీ రంగు దాటట్లేదు. పనంతా పండగ ముందురోజు సాయంత్రం మొదలుపెడతామని కూడా రాశారు. సగం చిక్కు ఆ మాటలోనే ఉంది. వీటిలో కొన్నిటికి మూడు రోజులు కావాలి, కొన్నిటిని వడ్డించే ముందు తప్ప ముట్టుకోకూడదు.

ముందు కేకు సంగతి. పన్నెండు కప్పులకి మైదా 140 గ్రాములు, పంచదార 140 గ్రాములు, వెన్న 100 గ్రాములు, గుడ్లు రెండు, పాలు 100 మి.లీ., బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూన్, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూన్ వెనిలా. వెన్న, గుడ్లు, పాలు మూడూ గది వేడిలో ఉండాలి. వెన్నని వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ మెరవకూడదు. మెరిసిందంటే కరగడం మొదలైనట్టే. వెన్న, పంచదార మూడు నిమిషాలు గిలక్కొట్టి, గుడ్లు ఒక్కొక్కటే వేసి, తర్వాత మైదా, పాలు కొంచెం కొంచెంగా మార్చి మార్చి కలపండి. పొడి పిండి కనబడటం మానగానే బీటర్ ఆపెయ్యాలి. ఇంకో నిమిషం తిప్పితే పిండిలో జిగురు పెరుగుతుంది. కేకు లోపల సొరంగాల్లాంటి గుంతలూ, పైన కోసుగా లేచిన ముక్కూ ఎక్కువగా దానివల్లే వస్తాయి.

రెండో కారణం వేడి. ఒవెన్ మరీ వేడిగా ఉంటే అంచులు ముందే గట్టిపడతాయి, మధ్యలో ఇంకా పల్చగా ఉన్న పిండికి పైకి తన్నుకు రావడం తప్ప దారి ఉండదు. తినడానికైతే 175 డిగ్రీలు బాగుంటుంది గానీ, పైన అలంకరణ ఉన్నప్పుడు 165 డిగ్రీల దగ్గర 20 నుంచి 22 నిమిషాలు పెడితే పైభాగం దాదాపు చదునుగా వస్తుంది. ఫ్యాన్ ఉన్న ఒవెన్‌లో ఇంకో 15 డిగ్రీలు తగ్గించండి. ఇళ్లలో ఒవెన్ మీద కనిపించే అంకెకీ లోపలి వేడికీ 10, 20 డిగ్రీల తేడా ఉండటం మామూలే. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే క్రీముకి ఆకారమిచ్చే ఏ ఖరీదైన నాజిల్ (క్రీము సంచి మూతికి పెట్టే గొట్టం) కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. ఒక్కో కప్పులో 45 గ్రాముల పిండి వెయ్యండి, కంటికి మూడింట రెండు వంతులు కనిపిస్తుంది. మొదటి 15 నిమిషాలు తలుపు తీస్తే మధ్యలో కుంగుతుంది. ఇంత చేసినా గోపురం లేచిందా, రంపపు కత్తితో కోసెయ్యండి. క్రీము కింద ఎవరికీ కనబడదు.

ట్రే బయటికి తీశాక అయిదు నిమిషాలు ఆగి, కప్పుల్ని జాలీ మీదికి మార్చాలి. ట్రేలోనే వదిలేసినా, వెచ్చగా ఉండగానే డబ్బాలో మూతపెట్టినా ఆవిరికి కాగితం తడిసి కేకు నుంచి ఊడిపోతుంది. బొమ్మలున్న పల్చటి లైనర్లు (కేకు కింది కాగితపు కప్పులు) వెన్న పీల్చి మసకబారతాయి. అందుకని మామూలు తెల్ల లైనర్లో కాల్చి, చల్లారాక బొమ్మల లైనర్‌ని పైన తొడిగితే సరి.

ఇక క్రీము. పండగ కప్‌కేకులకి నేను అమెరికన్ బటర్‌క్రీమ్ వైపే మొగ్గుతాను. తీపి ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ పైన పల్చటి పొర కట్టి ఆకారం నిలబెట్టే గుణం దానికే ఉంది. వెన్న 225 గ్రాములు, జల్లించిన ఐసింగ్ షుగర్ 450 గ్రాములు, పావు టీస్పూన్ ఉప్పు, పాలు రెండు టేబుల్‌స్పూన్ల లోపు. వెన్న ఒక్కదాన్నే అయిదు నిమిషాలు తెల్లబడేదాకా కొట్టి, పంచదార రెండు విడతలుగా వెయ్యండి. పాలు ఒక్కసారి పొయ్యకండి, టీస్పూన్ చొప్పున చూసుకుంటూ వెళ్లండి. చివర రెండు నిమిషాలు బీటర్‌ని అన్నిటికన్నా తక్కువ వేగంలో తిప్పితే గాలి బుడగలు పోతాయి. లేకపోతే నాజిల్లోంచి వచ్చే తీగ మధ్యమధ్య తెగి చిల్లులు పడుతుంది.

వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది. కానీ అంతకు చాలా ముందే, వంటిల్లు 27 డిగ్రీలు దాటగానే క్రీముకి నిలబడే శక్తి పోతుంది. అలాంటి చోట వెన్నలో సగానికి బదులు వెజిటబుల్ షార్టెనింగ్ (నూనెల నుంచి చేసిన గట్టి కొవ్వు) వాడండి. అంగిలికి కాస్త జిడ్డు తగులుతుంది, అందుకే మొత్తం క్రీముకి కాకుండా చెట్లకి వాడే భాగానికి మాత్రమే అది కలపడం మంచిది. తీపి తక్కువ కావాలంటే స్విస్ మెరాంగ్ బటర్‌క్రీమ్ ఉంది: తెల్లసొన 120 గ్రాములు, పంచదార 240 గ్రాములు మరుగుతున్న నీళ్ల గిన్నె మీద 71 డిగ్రీలు చేరేదాకా కలిపి, గిన్నె చల్లబడేదాకా గిలక్కొట్టి, 340 గ్రాముల వెన్న ముక్కలు ఒక్కొక్కటే వెయ్యాలి. మధ్యలో విరిగినట్టు కనబడితే భయపడకండి, కొడుతూ ఉంటే కలుస్తుంది. చారులా ఉంటే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టండి. రుచికి ఇదే మేలు గానీ రంగు తేలిగ్గా పట్టదు, పొర కట్టదు. చెట్లకి పనికిరాదు.

రంగు దగ్గరికి వద్దాం. నీళ్లలా ఉండే రంగుతో ముదురు ఎరుపు రాదు. ఆ ఛాయ వచ్చేసరికి క్రీము జారిపోతుంది. చిక్కగా ఉండే జెల్ రంగే కావాలి. దానితో కూడా ఒక్కసారిగా ఎరుపు చూడాలనుకోకండి. ముదురు గులాబీ వచ్చాక ఆపి, క్రీముకి తగిలేలా ప్లాస్టిక్ పొర కప్పి రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారేసరికి రెండు మెట్లు ముదురుతుంది. అంత తీరిక లేకపోతే రంగు కలిపిన క్రీములో మూడో వంతు తీసి, మైక్రోవేవ్‌లో 10 సెకన్లు పెట్టి కరగనిచ్చి, మిగతా దాంట్లో కలిపి బాగా కొట్టండి. కరిగిన కొవ్వులో రంగు బాగా కలిసిపోయి మొత్తం ముదురుతుంది. ఇంకో ఉపాయం, తెల్ల క్రీముకి బదులు 100 గ్రాములకి ఒక టీస్పూన్ కోకో కలిపిన క్రీముతో మొదలుపెట్టడం. గులాబీ ఛాయ అసలు రాదు, జెల్ కూడా సగమే పడుతుంది. ఎరుపు జెల్ ఎక్కువైతే క్రీము చేదెక్కుతుంది, నాలుక ఎర్రబడుతుంది. నిజానికి కప్‌కేకు మొత్తం ఎర్రగా చెయ్యడమే అనవసరం. తెలుపు, ఆకుపచ్చ నేపథ్యంగా ఉంచి, ఎరుపుని బెర్రీలకీ రిబ్బన్‌కీ పరిమితం చేస్తే చూడటానికీ తినడానికీ బాగుంటుంది.

ఆకుపచ్చ నేరుగా డబ్బాలోంచి వేస్తే బొమ్మల రంగులా ఉంటుంది. టూత్‌పిక్ కొసకి అంటినంత గోధుమ రంగు కలిపితే అసలైన పైన్ ఆకు ఛాయకి దిగుతుంది. మంచు తెలుపు కావాలంటే వెన్న పసుపుని చంపడానికి ఊదా జెల్ కలపాలి. అది టూత్‌పిక్ కొసకి కనబడీ కనబడనంత చాలు, మించితే బూడిద రంగే.

పైపింగ్ బ్యాగ్ (క్రీము నింపి నొక్కే సంచి) సగానికి మించి నింపకండి. నిండిన బ్యాగ్ బరువుకి చెయ్యి వణుకుతుంది, అరచేతి వేడికి క్రీము కూడా మెత్తబడుతుంది. రెండు బ్యాగులు సిద్ధం చేసుకుని, ఒకటి వాడుతుంటే రెండోది చల్లగా ఉంచండి. మామూలు చుట్టకి 1ఎం అనే నక్షత్రపు నోటి నాజిల్, నిటారుగా, కేకుకి సెంటీమీటరు ఎత్తులో పట్టుకుని అంచు నుంచి లోపలికి. ఆపేటప్పుడు ముందు నొక్కుడు వదిలి, తర్వాత చెయ్యి పైకి తియ్యాలి. ఈ వరస తప్పితే పైన తోక మిగులుతుంది. అంచులు చిరిగినట్టు వస్తే క్రీము గట్టిగా ఉందని అర్థం, అర టీస్పూన్ పాలు చాలు. గీతలు కలిసిపోయి నున్నగా వస్తే వేడెక్కింది, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇప్పుడు మీ చెట్టు. ఉత్త క్రీముతో చేసే చెట్టు నాలుగు సెంటీమీటర్లు దాటకూడదు. అది ఒరగడానికి అసలు కారణం ఎత్తు కూడా కాదు, లోపలి బోలు. అంచు నుంచి చుట్టుకుంటూ వెళ్తే మధ్యలో ఖాళీ ఉండిపోతుంది, పై చుట్టల బరువు ఆ ఖాళీలోకి కుంగుతుంది. ముందు మధ్యలో ఒక ముద్ద పెట్టి, దాని చుట్టూ కింది వరస వెయ్యండి. అంతకన్నా ఎత్తు కావాలంటే ఐస్‌క్రీమ్ కోన్ కావాలి. నిండు కోన్ కప్‌కేకు మీద మరీ ఎత్తుగా ఉండి తూలుతుంది. కొస నుంచి 6, 7 సెంటీమీటర్లు కొలిచి రంపపు కత్తితో నెమ్మదిగా, నొక్కకుండా కొయ్యండి. ఒకటి రెండు విరుగుతాయి, రెండు ఎక్కువ తెచ్చుకోండి. క్రీములోని తడికి కోన్ మర్నాటికల్లా మెత్తబడుతుంది కాబట్టి బయట పల్చగా కరిగిన చాక్లెట్ పూసి ఆరనివ్వండి. తర్వాత 352 నంబరు ఆకు నాజిల్‌తో, కింది వరస నుంచి మొదలుపెట్టి, నొక్కి, కాస్త కిందికి లాగి వదలండి. పై వరస ఆకులు కింది వరస సందుల మీద పడాలి. పై నుంచి కిందికి వేస్తే ప్రతి ఆకు మొదలూ బయటికి కనబడుతుంది.

అదే 352 నాజిల్‌తో కేకు అంచున గుండ్రంగా రెండు వరసల ఆకులు వేసి, మూడేసి ఎర్ర పంచదార ముత్యాలు గుంపుగా పెడితే తోరణం తయారు. మొదటిసారి చేసేవాళ్లకి చెట్టు కన్నా ఇదే తేలిక. స్నోమ్యాన్‌కి తెల్ల క్రీము మీద సన్నటి ఎండు కొబ్బరి తురుము అద్దండి, కింద చుట్ట వంకరగా ఉన్నా కప్పేస్తుంది. దుప్పి కొమ్ములకి ప్రెట్జెల్స్ (ముడి వేసినట్టుండే కరకరలాడే బిస్కెట్లు) గుచ్చమని చాలామంది చెబుతారు గానీ కొన్ని గంటల్లో మెత్తబడి వాలతాయి. బటర్ పేపర్ మీద చాక్లెట్‌తో గీసి ఆరబెట్టిన కొమ్ములే నిలుస్తాయి. తెల్ల చాక్లెట్‌కి రంగు కలపాలంటే నూనెలో కలిసే రంగే వాడాలి, మామూలు జెల్‌లో ఉన్న తడికి చాక్లెట్ గడ్డకడుతుంది.

ఫాండెంట్‌తో (పిసికి ఆకారాలు చేసే పంచదార ముద్దతో) చేసే నక్షత్రాలు, టోపీలు మూడు రోజుల ముందే చెయ్యాలి. 250 గ్రాములకి ఒక టీస్పూన్ సీఎంసీ (ఫాండెంట్‌ని గట్టిపరిచే తినదగిన జిగురు) పొడి కలిపి పిసికితే గట్టిగా ఆరతాయి. వాటిని మూత ఉన్న డబ్బాలో కాదు, గాలి తగిలేచోట ఉంచండి, ఫ్రిజ్‌లో అసలు పెట్టకండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి జిగటగా, మెరుస్తూ తయారవుతాయి. రాయల్ ఐసింగ్‌తో (తెల్లసొన, ఐసింగ్ షుగర్ కలిపి చేసే, గట్టిగా ఆరే పూతతో) చేసిన మంచుపూలకి శత్రువు కొవ్వు. బటర్‌క్రీమ్ మీద మర్నాటిదాకా ఉంచితే మెత్తబడి విరుగుతాయి, వడ్డించే ముందే గుచ్చండి. క్యాండీ కేన్ (ఎర్ర, తెల్ల చారల మిఠాయి కర్ర) ముక్కలనీ వడ్డించే ముందే పెట్టాలి. గాలిలోని తేమ పీల్చి కరిగి, ఎర్రటి చారలు కారుస్తాయి. చిన్న చిన్న స్ప్రింకిల్స్ మాత్రం క్రీము వేసిన అయిదు నిమిషాల్లో చల్లాలి, పొర కట్టాక అతుక్కోవు. తెలుపు మీద ఎర్రవి రాత్రంతా ఉంటే రంగు దిగుతుంది, అందుకే తెల్ల క్రీము కేకుల మీద చల్లడం చివరికి ఉంచుకోండి.

కాబట్టి మూడు రోజుల ముందు ఫాండెంట్, రెండు రోజుల ముందు క్రీము చేసి ఎరుపు కలపడం, ముందురోజు కేకులు, ఆ రోజు పైపింగ్. ఫ్రిజ్‌లో పెట్టిన క్రీముని గది వేడికి వచ్చాకే మళ్లీ కొట్టాలి, చల్లగా కొడితే విరుగుతుంది. క్రీము వెయ్యని కేకుల్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో బయటే ఉంచండి, ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతాయి. ఇంకా ముందే చెయ్యాలంటే ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంటాయి. బయటికి తీశాక డబ్బా మూత తియ్యకుండా కరగనిస్తే చెమ్మ డబ్బాకి పడుతుంది, కేకుకి కాదు. క్రీమ్ చీజ్‌తో గానీ విప్పింగ్ క్రీముతో గానీ చేస్తే మాత్రం రెండు గంటలకి మించి బయట ఉంచకండి.

వేరే ఇంటికి తీసుకెళ్లేదుంటే కోన్ చెట్లని కేకుల మీద ముందే పెట్టకండి. ఒక్కో కోన్‌ని చిన్న బటర్ పేపర్ ముక్క మీద నిలబెట్టి ఆకులు వేసి, 20 నిమిషాలు ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, విడి డబ్బాలో తీసుకెళ్లండి. అక్కడికి చేరాక కేకు మీద ఒక చెంచా క్రీము పూసి, చిన్న చాకుతో కోన్‌ని కింద నుంచి లేపి దాని మీద నిలబెట్టి, అడుగున కనబడే సందుని నాలుగు ఆకులతో కప్పెయ్యండి. అందుకోసం ఆకుపచ్చ క్రీము ఉన్న బ్యాగ్ ఒకటి వెంట తీసుకెళ్లడం మర్చిపోకండి.