అమ్మాయి జూడి డెంచ్‌లా నాటకాల్లోకి వెళ్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. కాలేజీ డేకి ఇంగ్లిష్ నాటకంలో చిన్న వేషం వేసింది. అప్పట్నుంచి జూడి డెంచ్ అనే ఇంగ్లండ్ నటి వీడియోలే చూస్తోంది. తనూ లండన్ వెళ్లి డ్రామా స్కూల్లో చేరుతుందట. ఆవిడకి ఆస్కార్ వచ్చింది 64 ఏళ్లకని తనే చెప్పింది. మరి అప్పటిదాకా ఏం తిని బతకాలి మేడమ్? పైగా మా పిల్ల పొట్టి, చామనఛాయ. వాళ్ల నాన్న ఈ మాటెత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోతున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో "అప్పటిదాకా ఏం తిని బతకాలి" అన్నచోట నేను చాలాసేపు ఆగాను. పిల్లల కలల గురించి రాసేవాళ్లు చాలామంది అడగడానికి మొహమాటపడే ప్రశ్న అది. అక్కణ్నుంచే మొదలుపెడదాం.

జూడి డెంచ్ 64 ఏళ్లదాకా ఛాన్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. డ్రామా స్కూల్లో మూడేళ్లు చదివి, 1957లో ఇంకా 23 నిండకుండానే లండన్‌లోని ఓల్డ్ విక్ నాటక సంస్థలో జీతానికి చేరారు. నాలుగేళ్లు అక్కడే పనిచేసి, 1961లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి వెళ్లారు. తర్వాత నాటింగ్‌హామ్, ఆక్స్‌ఫర్డ్ నాటకశాలల్లో చేశారు. 1963లో ఒక బృందంతో పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లి నైజీరియా, ఘనా, సియెర్రా లియోన్‌లలో మాక్‌బెత్ ఆడొచ్చారు. సినిమాల్లోకి అడుగుపెట్టింది 1964లో. జేమ్స్ బాండ్ సినిమాల్లో 'ఎం' పాత్రతో ప్రపంచమంతా గుర్తుపట్టింది 1995లో. ఆస్కార్ 1999లో, అదీ తెరమీద పది నిమిషాలు కూడా కనిపించని ఎలిజబెత్ రాణి వేషానికి. మధ్యలో ఉన్న నలభై ఏళ్లూ ఆవిడ పనిలోనే ఉన్నారు. పగలు ఒక నాటకానికి రిహార్సల్, రాత్రి ఇంకో నాటకం ప్రదర్శన. మీ అమ్మాయి వీడియోల్లో చూస్తున్నది ఆ నలభై ఏళ్ల తర్వాతి మనిషిని.

ఇంకో సంగతి. ఆవిడ ముందు నటి కావాలనుకోలేదు. 1934లో యార్క్‌లో పుట్టారు. నాన్న డాక్టరు, ఆ ఊరి నాటకశాలలో నటులకు ఒంట్లో బాగోకపోతే ఆయనే చూసేవారు. అమ్మ నాటకాల దుస్తుల పనిలో సాయపడేది. యార్క్‌లో పాత మఠం శిథిలాల మధ్య ఆరుబయట వేసే బైబిల్ నాటకాల్లో ఇంటిల్లిపాదీ పాల్గొనేవారు. అమ్మాయికి మాత్రం సెట్లు గీయాలని ఉండేది, అందుకే ఆర్ట్ స్కూల్లో చేరింది. 1953లో షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆయన కింగ్ లియర్ నాటకం చూసింది. వేదిక మీద పెద్ద అప్పడంలాంటి తిన్నె, నడుమ ఒక బండ. ఆ బండే తిరిగితే సింహాసనం, ఇంకోవైపు తిరిగితే పడక, మరోసారి గుహ. అంతే సెట్టు. నేనైతే సామాన్లన్నీ నింపి గీసేదాన్ని, ఈ ఊహ నాకు రాదు అని ఆమెకి అక్కడే అర్థమైంది. ఆ అప్పడం మాట ఆవిడే ఇంటర్వ్యూల్లో చెప్పారు. అప్పటికే అన్నయ్య లండన్‌లో సెంట్రల్ స్కూల్‌లో నటన నేర్చుకుంటున్నాడు. తనూ అక్కడే చేరింది.

మీవారికి ఈ భాగం చదివి వినిపించండి. పద్దెనిమిదేళ్లకి పిల్ల ఏ పని పేరు చెబితే చివరికి అదే చేయాలనేం లేదు. నాటకం చుట్టూ సెట్లు, లైటింగ్, దుస్తులు, స్టేజ్ మేనేజ్‌మెంట్ లాంటి పనులు చాలా ఉన్నాయి. దగ్గరికి వెళ్తేనే ఏది తనదో తెలుస్తుంది.

ఇక మీరు బాధపడుతున్న రూపం సంగతి. జూడి డెంచ్ ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. కెరీర్ మొదట్లో ఒక సినిమా మనిషి ఆవిడ ముఖంలో ప్రతిదీ తప్పుగానే ఉందని మొహం మీదే అన్నాడట. అంతకంటే పెద్ద దెబ్బ ఓల్డ్ విక్‌లోనే తగిలింది. చేరగానే హామ్లెట్‌లో ఒఫీలియా పాత్ర ఇచ్చారు. విమర్శకులు ఆవిడ నటనని ఉతికి ఆరేశారు. నాటకం అమెరికా పర్యటనకి వెళ్లేముందు ఆ పాత్ర తీసి వేరే నటికిచ్చారు. ఆ వయసులో ఎవరైనా పెట్టె సర్దుకుని ఇంటికెళ్లిపోతారు. ఈవిడ చిన్న వేషాలు కట్టుకుని అదే బృందంతో అమెరికా వెళ్లారు. 1960లో అదే ఓల్డ్ విక్‌లో జూలియట్ అయ్యారు. 1987లో, 52 ఏళ్లప్పుడు, క్లియోపాత్రా పాత్రకి పిలిస్తే నాలాంటి పొట్టి, నడివయసు మనిషినా అని దర్శకుడు పీటర్ హాల్‌ని ముందే హెచ్చరించారు. ఆయన ఆవిడతోనే చేయించారు. ఇంగ్లండ్ రంగస్థలం గొప్పగా చెప్పుకునే పాత్రల్లో అదొకటి.

కానీ మీకు అబద్ధం చెప్పను. మన తెలుగు సినిమా ఇప్పటికీ హీరోయిన్ వేషానికి రంగు చూస్తుంది. "మీ పాపని హీరోయిన్ చేస్తాం, ముందు పోర్ట్‌ఫోలియోకి ఇంత కట్టండి" అనేవాళ్లు ఎదురైతే అక్కణ్నుంచే వెనక్కి వచ్చేయండి. ఇంతవరకు నా దగ్గరికొచ్చిన పిల్లల్లో అలా డబ్బు కట్టి వేషం తెచ్చుకున్నవాళ్లని ఒక్కరినీ చూడలేదు. నాటకం, వెబ్ సిరీస్, డబ్బింగ్, ఆడియో పుస్తకాలు, స్కూళ్లలో డ్రామా టీచర్ ఉద్యోగం, వీటిలో గొంతూ పనీ చూస్తారు.

అందుకే నేను ఒక్కటే గట్టిగా చెబుతాను. మీ అమ్మాయి ఛాన్స్ వెతకకూడదు, బృందం వెతుక్కోవాలి. ఒఫీలియా పోయాక ఆవిడని నిలబెట్టింది ఆ బృందమే. తప్పు చేసినా రేపు సాయంత్రం మళ్లీ వేదిక ఎక్కే చోటు ఉండాలి. మన సురభి కుటుంబాల్లో పిల్లలు ఎదిగింది కూడా అలాగే కదా, నడక రాగానే ఏదో ఒక వేషం, పక్కన పెద్దవాళ్లు. మీది స్థానం నరసింహారావు గారు రామవిలాస సభలో వేషాలు కట్టిన ఊరు. పరిషత్తు నాటకాలు ఆడే సమాజాలు మీ జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. లండన్ కంటే ముందు ఆ గుమ్మం తొక్కమనండి.

లండన్ గురించి కూడా తెలుసుకోండి. ఆవిడ చదివిన సెంట్రల్ స్కూల్, ఇంకో పేరున్న స్కూల్ రాడా, రెండింట్లోనూ నటన డిగ్రీ మూడేళ్లు. సీట్లు చాలా తక్కువ. మార్కులకంటే ఆడిషనే ముఖ్యం. మామూలుగా షేక్‌స్పియర్ కాలపు నాటకం నుంచి ఒక ముక్క, ఈ కాలపు నాటకం నుంచి ఒక ముక్క చేసి చూపించాలి. మన పిల్లలకి ఫీజు, అక్కడి ఖర్చు కలిపితే ఏడాదికి ముప్పై లక్షల పైమాటే. డెంచ్ కాలంలో ఊరూరా జీతమిచ్చిన నాటకశాలలు ఇప్పుడు అక్కడా బాగా తగ్గిపోయాయి. వేషానికీ వేషానికీ మధ్య కాఫీ షాపుల్లో పనిచేసే నటులు అక్కడ కోకొల్లలు. కాబట్టి పొలం అమ్మో, అప్పు చేసో ఇప్పుడు పంపించొద్దు. ఈ మాట అమ్మాయికి కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి.

నేనైతే ఇలా చేయిస్తాను. ఇంటర్ బాగా పూర్తిచేయాలి. మనసు లేకుండా బీటెక్‌లో చేర్చకండి, నాలుగేళ్లూ సాయంత్రాలన్నీ ల్యాబ్ రికార్డులకే పోతాయి. మూడేళ్ల డిగ్రీ చాలు, అదీ నాటకం ఆడే వాతావరణమున్న కాలేజీలో. ఆ మూడేళ్లలో కనీసం ఆరు నాటకాల్లో పనిచేయాలి. ఈ ఆరు నేను ఊరికే చెప్పిన అంకె కాదు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా తన మూడేళ్ల కోర్సుకి డిగ్రీతోపాటు ఆరు నాటకాల అనుభవం అడుగుతుంది. అక్కడ సీటొస్తే చదువుకునేవాళ్లకి నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఆ విభాగముంది. ఇదంతా అయ్యాక కూడా లండన్ మనసులో ఉంటే అప్పుడు వెళ్లొచ్చు. భారతీయ కళాకారులు బ్రిటన్‌లో చదువుకోడానికి, శిక్షణకి చార్లెస్ వాలెస్ ట్రస్టు సాయం చేస్తుంది. ఆరు నాటకాలు ఆడిన ఇరవై మూడేళ్ల అమ్మాయి దరఖాస్తుకి ఉండే బరువు వేరు.

పెళ్లి, పిల్లల సంగతి మీరు రాయలేదు, కానీ మీవారి కోపంలో అదీ ఉండొచ్చు. డెంచ్ 1971లో తోటి నటుడు మైఖేల్ విలియమ్స్‌ని పెళ్లి చేసుకున్నారు, మరుసటి ఏడాది కూతురు పుట్టింది. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర వాళ్లింట్లో ఆయన అమ్మానాన్నలు, ఈవిడ తల్లి కూడా కలిసే ఉండేవారు. ఆ రోజుల్లోనే, 1976లో, స్ట్రాట్‌ఫర్డ్‌లో రేకుల షెడ్డులాంటి చిన్న నాటకశాలలో ఆవిడ చేసిన లేడీ మాక్‌బెత్‌ని నాటకం తెలిసినవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

చివరగా ఇంట్లోనే చేయదగిన పని ఒకటి. డెంచ్‌కి మాక్యులార్ డీజెనరేషన్ అనే కంటిజబ్బు వచ్చి చూపు బాగా తగ్గింది, ఆ సంగతి 2012లో బయటికొచ్చింది. అప్పట్నుంచి స్క్రిప్టు ఎవరైనా చదివి వినిపిస్తే విని పట్టుకునేవారు. అలాగే నటిస్తూ 2021లో వచ్చిన సినిమాకి మళ్లీ ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నారు. మీరు రోజూ రాత్రి ఏదైనా నాటకం నుంచి ఒక పేజీ చదవండి, తెలుగుదైతే మరీ మంచిది. అమ్మాయి పుస్తకం ముట్టుకోకుండా విని అప్పజెప్పాలి. నెలరోజులు. నా దగ్గరికి ఒకమ్మాయి వచ్చింది, పేపర్‌లో వార్త చదవమంటే గొంతు నా టేబుల్ దాటలేదు. ఆరు నెలలు ఒక నాటక సమాజంలో తిరిగొచ్చాక అదే గదిలో చదివితే బయట వాచ్‌మన్ తొంగిచూశాడు. నెల తిరిగేసరికి మీ పిల్లకి ఇంకా ఆకలి ఉంటే ఊళ్లో నాటక సమాజం వాళ్లని కలవండి. మొదటి నాటకం రోజు మీవారిని కూడా తీసుకెళ్లి, ఇద్దరూ ఆఖరి వరుసలో కూర్చోండి. మాట అక్కడిదాకా వినపడిందో లేదో ఆయన్నే చెప్పమనండి.