తెలుగు మీడియంలో చదివి నర్సింగ్‌లో చేరాను. మెడికల్ పదాలు నోరు తిరగడం లేదు, గుర్తుండటం లేదు. ఏం చేయాలి?

మీ ప్రశ్న చదువుతుంటే నా జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి సంవత్సరం కళ్ల ముందుకొచ్చింది. నేనూ ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మేడమ్ బోర్డు మీద ‘కోలిసిస్టెక్టమీ’ అని రాస్తే చూసి రాసుకోవడానికే టెన్షన్ పడ్డాను. యాభై సార్లు రాసి బట్టీ పట్టినా వారం తిరిగేసరికి మర్చిపోయాను.

హాస్టల్లో సీనియర్ అక్క ఒకరు నా నోట్సు తీసుకుని, ఆ పదం మధ్యలో పెన్సిల్‌తో రెండు నిలువు గీతలు గీసింది. “పదో తరగతిలో సమాసాలకు విగ్రహవాక్యాలు రాశావు కదా? ఇదీ అంతే, చివర నుంచి విప్పుకుంటూ రా” అంది. ఎక్టమీ అంటే కోసి తీసేయడం. సిస్ట్ అంటే సంచి. కోల్ అంటే పిత్తం. మన ‘పిత్తాశయం’లో ఉన్నవీ ఆ పిత్తం, ఆ సంచే! దాన్ని తీసేసే ఆపరేషన్ అన్నమాట. ఆ పదం మళ్లీ మర్చిపోలేదు.

తెలుగులో చదివినందుకు మీరేమీ వెనకబడి లేరు. డయాబెటిస్ మెల్లిటస్‌లో మెల్లిటస్ అంటే తేనెలా తియ్యనిది. మధుమేహంలో ‘మధు’ కూడా తేనే. ఇలా పక్కపక్కన పెట్టుకుంటే పదం దానంతట అదే నిలబడుతుంది.

ముందు చివరి ముక్కలు పట్టుకోండి. ఐటిస్ వస్తే వాపు, ఎమియా వస్తే రక్తానికి సంబంధించింది. ఆటమీ అంటే కోత పెట్టడం, ఆస్టమీ అంటే బయటికి దారి తెరవడం. ఈ రెండూ చెవికి ఒకేలా ఉంటాయి. గ్రీకులో స్టోమా అంటే నోరు. కొలాస్టమీ (పెద్దపేగుకు పొట్ట మీద దారి తెరిచే ఆపరేషన్) అయిన పేషెంట్‌కి పొట్ట మీద బ్యాగు మార్చేటప్పుడు, ఎర్రగా తెరుచుకున్న ఆ చిన్న నోరు చూశాక నాకు ఇక తేడా చెప్పాల్సిన అవసరం రాలేదు. కిడ్నీకి మాత్రం గ్రీకు నుంచి నెఫ్రో, లాటిన్ నుంచి రీనల్, రెండూ వాడతారు. రెండూ నేర్చుకోక తప్పదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది హైపో, హైపర్‌ల దగ్గర. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. ఒక నైట్ డ్యూటీలో ఫోన్‌లో చెప్పిన ‘హైపోకలీమియా’ను (రక్తంలో పొటాషియం తగ్గడం) నేను ‘హైపర్‌కలీమియా’ అని రాశాను. పక్కనే పొటాషియం 2.8 అని అంకె కూడా నేనే రాశాను. మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలి. ఇన్‌ఛార్జ్ సిస్టర్ అంకె చూసి ఆపారు కాబట్టి సరిపోయింది. పొటాషియం తగ్గినా పెరిగినా గుండె లయ తప్పుతుంది, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. పొటాషియానికి లాటిన్ పేరు కాలియం, ఆ పదాల్లో ‘కలీ’ అదే, అందుకే దాని గుర్తు కూడా ‘కె’. అప్పటి నుంచి ఫోన్‌లో ఏం చెప్పినా పదంతో పాటు అంకె కూడా తిరిగి చదివి వినిపిస్తాను. మీరూ మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఒక్క మాట, ముక్కల అర్థం ప్రతిసారీ నిజం చెప్పదు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడు గాలి. అది దోమ వల్ల వస్తుందనడానికి ఆధారం 1897లో మన సికింద్రాబాద్‌లోనే డాక్టర్ రోనాల్డ్ రాస్‌కు దొరికింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎనీమియా అంటే మాటకు ‘రక్తం లేకపోవడం’, అసలు సంగతి హిమోగ్లోబిన్ తగ్గడం. కాబట్టి విప్పాక ఒకసారి పుస్తకంలో సరిచూసుకోండి.

లిస్టులు బట్టీ పట్టకండి. వార్డులో ఆ రోజు చూసిన కేస్ షీట్ల నుంచి నాలుగు పదాలు చాలు, పేషెంట్ ముఖంతో పాటు గుర్తుంటాయి. మొదట ఏ పదం దగ్గర ఆగిపోతున్నారో కింద రాయండి, కలిసి విప్పుదాం.