పౌడర్ కోటింగా, పెయింటా?

చిరంజీవి అబ్బాయికి,

గ్రిల్స్‌కీ ఇనుప కుర్చీలకీ పెయింటే కొట్టించాలా, పౌడర్ కోటింగ్‌కి పంపాలా అని అడిగావు. పౌడర్ కోటింగ్ అంటే రంగు పొడిని ఇనుము మీద చల్లి, ఓవెన్‌లో కరిగించి అతికించడం. ఓవెన్‌లో పట్టే సరుకైతే పౌడర్‌కే పంపు.

పెయింట్‌లో కలిపే థిన్నర్ అంతా గాల్లో కలిసేదే. దాన్ని పీల్చేది నీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళు. పౌడర్‌లో థిన్నర్ ఊసే లేదు. గన్‌లోంచి వచ్చే పొడికి వేల వోల్టుల చార్జి ఉంటుంది, ఇనుముకి ఎర్తింగ్ ఇస్తారు. అందుకని పొడి తనంతట తనే వెళ్ళి పట్టుకుంటుంది, కమ్మీ వెనక వైపుకి కూడా కొంత చుట్టుకుంటుంది. పట్టకుండా రాలినదాన్ని జల్లించి మళ్ళీ వాడతారు. ఒక్క కోటుకే 60 నుంచి 80 మైక్రాన్ల (మిల్లీమీటర్లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం వస్తుంది. ఓవెన్‌లోంచి తీసి చల్లారాక నేరుగా ప్యాకింగే, రాత్రంతా ఆరబెట్టే పని లేదు.

అయితే తుప్పు మీదా నూనె మరకల మీదా కొట్టిస్తే బూడిదలో పోసిన పన్నీరే. జిడ్డు తీయడం, తుప్పు వదిలించడం, ఫాస్ఫేటింగ్ (రంగు గట్టిగా పట్టడానికి ఇనుముకి ముందు చేసే రసాయన పూత) ఎలా చేస్తున్నారో నువ్వే వెళ్ళి చూడు. రేటు తగ్గిస్తామనేవాళ్ళు ముందు కోత పెట్టేది అక్కడే.

రెండోది క్యూరింగ్, అంటే ఓవెన్ వేడికి పొడి కరిగి గట్టిపడటం. మామూలు పౌడర్లకి 180 నుంచి 200 డిగ్రీల్లో 10 నుంచి 20 నిమిషాలు కావాలి. ఆ వేడి ఇనుముకి ఎక్కాలి, ఓవెన్‌లో గాలికి ఎక్కితే చాలదు. దళసరి ఫ్లాట్ పట్టీ వేడెక్కడానికే బోలెడు సేపు పడుతుంది. సన్న రాడ్డుతో పాటు దాన్నీ బయటికి లాగేస్తే పైకి నిగనిగలాడుతుంది గానీ దెబ్బ తగలగానే పెచ్చులూడుతుంది. ఎం.ఈ.కె. (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే సాల్వెంట్‌లో ముంచిన దూదితో గట్టిగా రుద్ది చూడు. రంగు మెత్తబడి దూదికి బాగా అంటుకొస్తే సరుకు వెనక్కి పంపెయ్.

ఎండ తగిలే గ్రిల్స్‌కి పాలియెస్టర్ పౌడరే అడుగు. ఎపాక్సీ గట్టిదే, కానీ ఎండకి తెల్లబడి సుద్దలా రాలుతుంది, కాబట్టి అది గది లోపలి సామానుకే. ఇరుకు మూలల్లోకి పొడి సరిగా దిగదు, డిజైన్ గీసేటప్పుడే చూసుకో. మరలు ఎక్కే రంధ్రాల్లో పొడి పట్టకుండా ప్లగ్గులు పెట్టించు.

వెల్డింగంతా కోటింగ్‌కి ముందే అయిపోవాలి. బిగించేటప్పుడు పడే గీతల్ని పొడితో అక్కడికక్కడే సరిచేయలేం. అదే రంగు పెయింట్ చిన్న డబ్బా ఒకటి, సన్న బ్రష్షూ బిగించే కుర్రాడి సంచిలో పడెయ్.

ఆశీస్సులతో,
పెదనాన్న