ఊరెళ్తే తగ్గే దగ్గు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటికీ టెస్టు రిపోర్టులు జతచేసి ఉన్నాయి. ఎక్కడ ఉంటారు, ఏ వేళకు పడుకుంటారు, బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా ఏముంటుంది అన్నది మాత్రం కొద్దిమందే రాశారు. హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టరుగా నేను ముందు అడిగేది అవే. ఆ వివరాలు రాసినవాళ్ల ప్రశ్నలే ఈసారి తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అత్తగారికి 63 ఏళ్లు. మామగారు పోయాక నరసాపురం దగ్గర పల్లెటూరి నుంచి నిజాంపేటలో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. ఆర్నెల్లుగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. యాంటీబయాటిక్ రెండుసార్లు వాడాం, సిరప్‌లకు లెక్కలేదు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదన్నారు. సంక్రాంతికి ఊరెళ్లి మూడు వారాలుంటే దగ్గు బాగా తగ్గింది. ఇక్కడికొచ్చిన వారంలోనే మళ్లీ మొదలైంది. సిటీ పొల్యూషన్ పడట్లేదని మావారు అంటున్నారు. ఇక్కడ ఆవిడకి కాలక్షేపం పొద్దున్నే పావురాలకు గింజలు వేయడం ఒక్కటే. ఏం చేయమంటారు?
– ఒక కోడలు, నిజాంపేట

జవాబు: అమ్మా, ఊరెళ్తే తగ్గిందని, పావురాలకు గింజలు వేస్తారని చివర్లో మాటవరసకు రాశారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనవి ఆ రెండే.

పావురాల రెట్టలోను, ఈకల మీద ఉండే సన్నని పొడిలోను కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. ఎండిన రెట్ట పొడై గాలిలో కలుస్తుంది. రోజూ ఆ గాలి పీల్చే కొందరిలో శరీరం ఆ ప్రొటీన్లను శత్రువులుగా చూసి ఊపిరితిత్తుల లోపల వాపు తెస్తుంది. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, కాబట్టి యాంటీబయాటిక్ ఎన్ని కోర్సులు వాడినా లొంగదు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. పావురాలకు దూరంగా ఉంటే తగ్గుతుంది, దగ్గరికొస్తే తిరగబెడుతుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడతాయి. ఆ తర్వాత పావురాలన్నీ పోయినా పాత ఊపిరి తిరిగి రాదు. అందుకే వేసవి సెలవులయ్యాక చూద్దాం అనుకోవద్దు.

అయితే ఉత్తరం చదివి జబ్బు తేల్చకూడదు. ఆవిడ బీపీకి మందు వాడుతున్నారా? ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలతో కొందరికి సరిగ్గా ఇలాంటి పొడిదగ్గే వస్తుంది. ఊళ్లో ఉన్నప్పుడు ఆ మాత్రలు మానేశారేమో కూడా అడగండి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టరుతోనే మార్పించుకోవాలి. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. ఆస్తమా కూడా ఇలాగే చోటు మారితే తగ్గుతుంది. ఇవన్నీ చూడటానికి ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష, ఛాతీకి హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ అవసరం కావచ్చు. పావురాల సంగతి మీరే ముందు చెప్పండి. హడావుడి ఓపీలో అడగడం మర్చిపోయే అవకాశం ఉంది.

ఇక ఇల్లు. వంటింటి పక్క డక్ట్‌లో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక, వాషింగ్ ఏరియా సందుల్లో గూళ్లున్నాయేమో చూడండి. కొత్త అపార్ట్‌మెంట్ల డక్ట్‌లు పావురాలకు కొండ చరియల్లాంటివి, ఎండా వానా తగలకుండా హాయిగా గూడు కడతాయి. శుభ్రం చేసేటప్పుడు అత్తగారు ఆ ఇంట్లోనే ఉండకూడదు, ఆ రోజుకి చుట్టాలింటికి పంపండి. ఎండు రెట్టని చీపురుతో ఊడవొద్దు. ముందు నీళ్లతో బాగా తడపాలి, చేసేవాళ్లు ఎన్95 మాస్క్, గ్లవ్స్ వేసుకోవాలి, ఎత్తిన చెత్త సంచిలో మూటకట్టాలి. పనిమనిషి చేత చేయిస్తే ఆమెకీ మాస్క్ ఇవ్వండి, ఆమెవీ ఊపిరితిత్తులే. తర్వాత వల కట్టించండి. మీ ఒక్క బాల్కనీకి కడితే చాలదు, డక్ట్ అందరిదీ కనుక అసోసియేషన్ మీటింగ్‌లో పెట్టి పైన్నుంచి కింది దాకా కట్టించాలి. ఆ పొడి తాలూకు ప్రొటీన్లు పక్షులు పోయాక కూడా నెలల తరబడి ఇంట్లో ఉంటాయి. పరుపులు, కర్టెన్లు, ఏసీ ఫిల్టర్లు కడిగించండి. దోమల చుట్ట, అగరుబత్తి పొగ కూడా మూసిన గదిలో పెట్టొద్దు. ఒక్క దోమల చుట్ట కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది.

గింజలు వేయడం మాన్పించడమే మీకు కష్టమైన పని. సొంత ఊరు, ఇరుగుపొరుగు, భర్త, అన్నీ పోయిన మనిషికి రోజూ పొద్దున్నే తన కోసం వచ్చేవి ఆ పక్షులే. “పావురాలొద్దు, డాక్టరు తిడుతుంది” అంటే ఆవిడ మీరు బయటికెళ్లాక వేస్తారు. దయచేసి కూర్చోబెట్టి, స్కాన్ చూపించి, ఎందుకో వివరంగా చెప్పండి. పుణ్యం అనుకుంటే ఆ గింజల డబ్బు గోశాలలో గడ్డికి ఇవ్వమనండి. సాయంత్రం అపార్ట్‌మెంట్ గుడి దగ్గరో బెంచీల దగ్గరో కూర్చునే పెద్దవాళ్లకు మీరే తీసుకెళ్లి పరిచయం చేయండి. పొద్దుటి పూట ఆవిడకొక పని కావాలి. దాన్ని తీసేస్తే బదులు ఇంకోటి ఇవ్వాలి.

ప్రశ్న: డాక్టరు గారూ, వయసు 67. రిటైరయ్యాక సనత్‌నగర్ మెయిన్ రోడ్డు వెంట తెల్లవారుజామున 5కే వాకింగ్ చేస్తున్నాను. ట్రాఫిక్ ఉండదు, గాలి స్వచ్ఛంగా ఉంటుందని. డిసెంబరు నుంచి వేగంగా నడిస్తే గుండె పట్టేసినట్టు ఉంటోంది, ఆగితే సర్దుకుంటోంది. ఇది చలికేనా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: సార్, గాలి గురించి తర్వాత. నడిస్తే పట్టేసి, ఆగితే వదిలే ఛాతీ బిగుతు గుండెదే అనుకుని పరీక్ష చేయించాలి. ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. విశ్రాంతిలో తీసిన ఈసీజీ బాగుందని వదిలేయొద్దు, మామూలు ఈసీజీలో ఇది దొరక్కపోవచ్చు. అప్పటిదాకా వేగం నడకలు ఆపేయండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా ఎవరికీ ఫోన్లు చేస్తూ కూర్చోకుండా 108 పిలవండి.

తెల్లవారుజాము గాలి మీరనుకున్నంత స్వచ్ఛం కాదు. చలికాలం రాత్రి నేల చల్లబడి, నేల దగ్గరి గాలి కూడా చల్లబడుతుంది. దాని పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. రాత్రంతా తిరిగిన లారీల పొగ, కాల్చిన చెత్త పొగ పైకి పోలేక మీ ముక్కు ఎత్తులోనే ఉంటాయి. ఎండ వచ్చి నేల వేడెక్కాకే అది చెదురుతుంది. గుండె డాక్టరు నడవొచ్చు అన్నాక, చలికాలంలో 8 తర్వాత, రోడ్డు వదిలి పార్కు లోపల నడవండి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో సనత్‌నగర్ స్టేషన్ గాలి నాణ్యత అంకె (ఏక్యూఐ) చూడొచ్చు. 51 నుంచి 100 మధ్య ఉంటే ‘సంతృప్తికరం’ అని చూపిస్తుంది. కానీ పీఎం2.5, అంటే ఊపిరితిత్తుల లోతుకు పోయే అతి సన్నని ధూళి, రోజు సగటు ఘనమీటరు గాలికి 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా ఆ మాటే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. మీ వయసులో, గుండె మీద అనుమానం ఉన్నప్పుడు, ఆ పదం చూసి నిశ్చింతగా ఉండొద్దు.

ప్రశ్న: నాకు 28. గచ్చిబౌలిలో సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి మూడున్నర దాకా షిఫ్ట్. మాదాపూర్ హాస్టల్లో ఉంటాను. ఒంటిగంటకు అందరం ఆర్డర్ పెట్టుకుని బిర్యానీ తింటాం. హాస్టల్ గోలకి పది దాటితే నిద్ర ఉండదు. షిఫ్ట్ అవ్వగానే అట్నుంచటే ల్యాబుకెళ్లి రక్తం ఇస్తే ఫాస్టింగ్ షుగర్ 112 వచ్చింది. నాన్నకి షుగర్ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరుడు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టెస్టు మళ్లీ చేయించు. ఒంటిగంటకు బిర్యానీ తిని తెల్లారేసరికి రక్తం ఇస్తే అది ఫాస్టింగ్ కాదు. కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. సెలవు రోజు, కంటినిండా నిద్రపోయి లేచాక ఇవ్వు. దాంతోపాటు రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించు, దానికి ఖాళీ కడుపు అక్కర్లేదు. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ అంచున ఉన్నట్టు. ఈ వయసులో వెనక్కి రావడానికి చాలా అవకాశం ఉంది.

రాత్రిపూట ఇన్సులిన్ పగటిలా పనిచేయదు. అదే బిర్యానీ మధ్యాహ్నం తిన్నప్పటి కన్నా రాత్రి ఒంటిగంటకు తింటే షుగర్ ఎక్కువ పెరుగుతుంది. షిఫ్ట్‌కి వెళ్లేముందు ఆరింటికే కడుపునిండా భోజనం చేయి. రాత్రి ఆకలైతే పెరుగు, గుడ్డు, వేయించిన శనగలు, ఒక పండు. స్నేహితులంతా తింటుంటే ఊరికే కూర్చోవడం కష్టమని తెలుసు, డబ్బా తీసుకెళ్తే కొంత తేలిక. పన్నెండు తర్వాత కాఫీ వద్దు.

నీ మూలకారణం నిద్ర. నాలుగున్నర, ఐదింటికి పడుకుని పదింటికే లేస్తే ఐదు గంటలే అవుతుంది. కిటికీకి నల్ల కర్టెన్, చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో, ఫోన్ సైలెంట్‌లో వేరే చోట పెట్టు. అదీ చాలకపోతే నీలాగే రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ముగ్గురు కలిసి చిన్న ఫ్లాట్ తీసుకోండి. అద్దె కొంచెం ఎక్కువైనా ఇది దండగ ఖర్చు కాదు. నిద్రమత్తులో బండి నడపొద్దు, కంపెనీ క్యాబ్ ఎక్కు.

ప్రశ్న: మాది పద్నాలుగో అంతస్తు. డి విటమిన్ తక్కువని ఏడాది కిందట వారానికొకటి 60,000 యూనిట్ల సాచెట్ రాశారు. ఇప్పటికీ వాడుతూనే ఉన్నాను. రోజూ ఏడింటికి హాల్లో అద్దాల తలుపు దగ్గర ఎండకు కూర్చుంటాను. అయినా ఒళ్లునొప్పులు తగ్గవేం?
– ఒక గృహిణి, కొండాపూర్

జవాబు: అద్దంలోంచి వచ్చే ఎండ వెచ్చగా ఉంటుంది గానీ, డి విటమిన్ తయారుచేసే కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఏడింటి ఎండలో కూడా అవి దాదాపు ఉండవు. మీ నీడ మీకన్నా పొట్టిగా పడే వేళ, అంటే సుమారు 11 నుంచి 2 లోపు, చేతులకు, కాళ్లకు నేరుగా ఎండ తగిలేలా టెర్రస్ మీదో కిందో పావుగంట నుంచి అరగంట ఉండండి. వేసవిలో అయితే ఆ వేళ పావుగంటకు మించొద్దు.

వారానికొక సాచెట్ సాధారణంగా 8 వారాలకు రాస్తారు. ఏడాదిగా ఆపకుండా వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మలబద్ధకం, అతిదాహం, వికారం, కిడ్నీలో రాళ్లు రావచ్చు. ఈరోజే ఆపి కాల్షియం, డి విటమిన్, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. ఒళ్లునొప్పులకు థైరాయిడ్, రక్తహీనత కూడా చూడాలి. రిపోర్టులు పట్టుకుని మీ డాక్టరును కలవండి, సాచెట్ రాసిన పాత చీటీ కూడా తీసుకెళ్లండి.