మొగ్గనూ ఆకునూ ఒకే మొక్క నుంచి కొయ్యి

అమ్మా,

చిక్కుడు కుటుంబంలో ఎవరికెవరు చుట్టమో తేల్చే పనికి దిగుతున్నావు. ముందే చెబుతున్నాను, విచ్చిన పువ్వును చూసి బంధుత్వం కట్టకు. ఈ కుటుంబంలోదే అయిన కాడియా అనే మొక్క పువ్వులో ఐదు రేకులూ ఒకేలా ఉంటాయి, చూడగానే పాతకాలపు రూపం అనిపిస్తుంది. డీఎన్ఏ మాత్రం దాన్ని బఠాణీ ఉండే ఉపకుటుంబం లోపలే కూర్చోబెట్టింది. మామూలుగా ధ్వజం అనే పైరేకు దగ్గర పనిచేసే సైక్లాయిడియా జన్యువు ఇక్కడ మిగతా రేకుల్లోకీ పాకింది, అన్నీ ధ్వజం పోలిక తెచ్చుకున్నాయి. అంటే ఆ సమరూపం తర్వాత వచ్చినదే.

మొగ్గలు, ఆకు, హెర్బేరియం నమూనా (నొక్కి ఎండబెట్టిన కొమ్మ) మూడూ ఒకే మొక్కవి, ఒకే నంబరుతో ఉండాలి. లేత ఆకును చిన్న ముక్కలు చేసి, దాని బరువుకు పదింతల సిలికా జెల్‌లో వెయ్యి. ఒక్క రోజులో పెళపెళలాడకపోతే జెల్ మార్చు. మొగ్గలు చెడకుండా ఉండటానికి 70 శాతం ఆల్కహాల్ 90 పాళ్లు, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 5, ఫార్మలిన్ 5 కలుపు. ఒకటి రెండు రోజులయ్యాక 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చు. డీఎన్ఏకి ఉంచిన ఆకు పొరపాటున కూడా ఈ ద్రావణంలో పడకూడదు. ఫార్మలిన్ డీఎన్ఏని ముక్కలు చేస్తుంది, ప్రోటీన్లతో ముడివేస్తుంది.

ఎక్కువ ఓపిక కావలసింది మొగ్గ విప్పడంలోనే. అవయవాలు మొలిచేది మిల్లీమీటరు కూడా లేని మొగ్గలో, అలాంటి మొగ్గలు పూగుత్తి కొసన ఉంటాయి. మొగ్గను ఆల్కహాల్‌లో ముంచి ఉంచి, సన్న సూదితో నూగు, రక్షకపత్రాలు తియ్యి. మొగ్గ కిందనున్న పుచ్ఛాన్ని, అంటే ఆ చిన్న ఆకును మాత్రం కదపకు, ఏ వైపు కాండమో చెప్పే గుర్తు అదొక్కటే. శంఖుపుష్పం తలకిందులుగా పూస్తుంది, విచ్చాక చూస్తే ధ్వజం కింద ఉంటుంది. పుచ్ఛం ఊడిందా, పైకిందులు తారుమారు. తర్వాత ఆల్కహాల్ 85, 95, 100 శాతాలకు పెంచుతూ వెళ్లు, చివరిది మూడుసార్లు. గాలికి ఆరబెడితే లేత మొలకలు ముడుచుకుపోతాయి, కార్బన్ డయాక్సైడ్‌తో, తడి లాగుడు లేకుండా ఆరబెట్టే క్రిటికల్ పాయింట్ డ్రయ్యింగే చెయ్యాలి. ఆపైన బంగారు పూత వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టు.

అక్కడ అవయవాలు మొలిచిన వరస చదువు. బఠాణీలో రక్షకపత్రాలు పుచ్ఛం వైపు మొదలై కాండం వైపు సాగుతాయి, రేకూ దాని ఎదుటి కేసరమూ ఒకే మొలక నుంచి చీలతాయి. రేల జాతిలో రక్షకపత్రాలు మెలిక తిరుగుతూ పుడతాయి. ఇదే కుటుంబంలోని అమోర్ఫా పువ్వులో మిగిలేది ధ్వజం ఒక్కటే. అలాంటిది ఎదురైతే తక్కిన రేకులు మొలకెత్తి ఆగాయా, అసలు మొలవనే లేదా చూడు. ఇవి వేర్వేరు చరిత్రలు, లక్షణాల పట్టికలో 'లేదు' అని ఒకే గుర్తు పెడితే తప్పుడు చుట్టరికం పుడుతుంది. ప్రతి దశకీ వేర్వేరు గుత్తుల నుంచి కనీసం ఐదు మొగ్గలు చూశాకే రాసుకో.

డీఎన్ఏ తీయడానికి ఎండిన ఆకు 20 మిల్లీగ్రాములు, కణాలను విప్పే 2 శాతం సీటాబ్ ద్రావణం, 65 డిగ్రీలు, ఒక గంట. అడుగున తేరిన డీఎన్ఏ ముద్ద గోధుమరంగులో ఉంటే ఆకులోని పాలీఫినాల్స్ మిగిలాయన్నమాట, డీఎన్ఏ ప్రతులు పెంచే పీసీఆర్ పనిచెయ్యదు. మళ్లీ తీసేటప్పుడు వాటిని పట్టుకునే పీవీపీ కలుపు. తొందరగా కావాలంటే ఉన్నదాన్నే పదింతలు పలచన చేసి చూడు.

క్లోరోప్లాస్ట్‌లోని మాట్‌కే అనే జన్యువు ఒక్కదానితో ఆగకు. 2017లో ఈ కుటుంబాన్ని ఆరు ఉపకుటుంబాలుగా విడదీసింది ఆ జన్యువు ఆధారంగానే, తుమ్మ జాతులు సిసాల్పినియోయిడే అనే ఉపకుటుంబం లోపలికి చేరిందీ అప్పుడే. అయినా సంకరం జరిగిన చోట క్లోరోప్లాస్ట్ ఎక్కువగా తల్లి వైపు కథే చెబుతుంది. కేంద్రకం నుంచి ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం కూడా చదివి, రెండింటి వంశవృక్షాలూ విడివిడిగా గీసి పోల్చు, పొసగకపోతే కలిపెయ్యకు. ఐటీఎస్ గ్రాఫులో ఒకే చోట జంట శిఖరాలు కనిపిస్తే రకరకాల ప్రతులు కలిశాయని అర్థం, ఒక్కో ప్రతినీ బ్యాక్టీరియాలో పెంచి (క్లోన్ చేసి) వేరుచెయ్యి.

పువ్వు లక్షణాలు ఆ వంశవృక్షం మీద చివర్లో పరుచు. చెట్టు కట్టడానికే వాటిని వాడి, మళ్లీ అదే చెట్టుతో వాటి పుట్టుక చెబితే చెప్పిందే చెప్పినట్టవుతుంది.