బ్రెగ్జిట్ మీద అక్కాతమ్ముళ్ల వాదన

ప్రశ్న: మా తమ్ముడు లండన్‌లో ఉంటాడు. ఇండియన్ పాస్‌పోర్టుతోనే 2016లో బ్రెగ్జిట్ ఓటు వేశాడట, అదీ యూరప్ దేశాల కూటమి అయిన యూరోపియన్ యూనియన్‌ని బ్రిటన్ వదిలేయాలని. ఫోన్ చేసినప్పుడల్లా మాకిదే గొడవ. ఒక దేశం అలా బయటికి రావడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: అక్కడ నివసించే కామన్వెల్త్ పౌరులకు, అంటే ఎక్కువగా మనలా ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న దేశాల వాళ్లకు, ఆ ఓటు ఉందండీ. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్న జర్మన్ పౌరుడికి మాత్రం లేదు. ముందు తలకిందులయ్యేది వాళ్ల బతుకే కదా, అది తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

మన చట్టాలు మనమే చేసుకోవాలన్న కోరిక తప్పు కాదు, 51.9 శాతం మంది ఊరికే ఓటేయలేదు. నా అభ్యంతరమల్లా అడిగిన తీరు మీదే. ఉండాలా, పోవాలా అని రెండే గళ్లు, ఎలా పోవాలో లేదు. మన రాష్ట్ర విభజనలో హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని అని కనీసం చట్టంలోనే రాశారు. అక్కడ ఓటయ్యాక మూడున్నరేళ్లు తర్జనభర్జన పడి 2020 జనవరి 31న బయటికొచ్చారు. ఉత్తర ఐర్లాండ్ సంగతే చూడండి, అది బ్రిటన్ దేశంలో భాగం, పక్కనున్న ఐర్లాండ్ మాత్రం యూనియన్‌లోనే ఉన్న వేరే దేశం. ఆ సరిహద్దులో చెక్‌పోస్టులు పెడితే ఒకప్పటి హింస తాలూకు పాత గాయాలు రేగుతాయని తనిఖీలను మధ్యనున్న సముద్రం వైపుకి మార్చారు, దాంతో ఇంగ్లాండ్ నుంచి సొంత దేశంలోని ఇంకో భాగానికి సరుకు పంపాలన్నా కాగితాల తంటా వచ్చిపడింది. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉందామన్నారు, వాళ్లూ పోవాల్సి వచ్చింది.

నన్నడిగితే లోపలుండి పోట్లాడటమే మేలు. ఓటేసే ముందు ఈ సరిహద్దు గొడవ ఎవరైనా సరిగ్గా చెప్పారా అని మీ తమ్ముడిని అడగండి.