పెంగ్విన్ల కాలనీ చూడ్డానికి ఏ నెలలో వెళ్లాలి? వాసన నిజంగా అంత ఘోరమా?

అంటార్కిటికా క్రూజ్‌కి డిసెంబర్ మంచిదా, ఫిబ్రవరి మంచిదా, కాలనీల దగ్గర వాసన భరించగలమా అని అడిగారు కదా. ముందు వాసన సంగతి చెప్తాను. కోళ్లఫారం పక్కనే ఎండుచేపలు ఆరబెట్టారనుకోండి, అలా ఉంటుంది. 2024 జనవరిలో మా ఆయన, అమ్మాయి, నేను వెళ్లాం. అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయాలో ఓడ ఎక్కి, డ్రేక్ జలసంధిలో రెండు రోజులు వాంతులతో గడిపాక కువర్‌విల్ దీవిలో దింపారు. రబ్బరు పడవ ఒడ్డుకి చేరకముందే వాసన ఎదురొచ్చింది. ముందుజాగ్రత్తగా ముక్కు కింద విక్స్ రాసుకున్నాను, రెండూ కలిసి ఇంకా ఘోరం. ఓ పది నిమిషాలకి ముక్కు అలవాటు పడింది గానీ జాకెట్‌ని ఆ వాసన వదల్లేదు. అక్కడి జెంటూ పెంగ్విన్లు ఎక్కువగా తినేది క్రిల్, అంటే చిట్టి రొయ్యల్లాంటివి. అందుకే వాటి రెట్ట గులాబీ రంగులో ఉంటుంది, మంచు మీద రోజ్‌మిల్క్ ఒలికినట్టు.

ఇక నెల సంగతి. నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో అయితే మంచు శుభ్రంగా ఉంటుంది, పెంగ్విన్లు గుడ్ల మీద కూర్చుని తమ గూటికోసం పక్క గూట్లో రాళ్లు దొంగిలిస్తుంటాయి. పొదగడానికి 35 రోజులు పడుతుంది, కాబట్టి పిల్లలు కావాలంటే డిసెంబర్ చివరి తర్వాతే. ఫిబ్రవరికి పిల్లలు బాగా ఎదిగిపోయి మేత కోసం తల్లిదండ్రులని కాలనీ అంతా తరుముతాయట. బురద కూడా అప్పుడే ఎక్కువ. నన్నడిగితే జనవరే.

ఎందుకంటే మేత పెట్టడం దగ్గర్నుంచి చూడొచ్చు. మా ముందున్న గూట్లో పెద్దది (తల్లో తండ్రో చూసి చెప్పలేం) వంగి నోరు తెరిచింది, పిల్ల తలంతా లోపల పెట్టేసింది. పక్కనే పావురంలా తెల్లగా ఓ పిట్ట. "ఎంత ముద్దుగా ఉందో!" అని మా ఆయన ఫోటోల మీద ఫోటోలు తీశారు. సరిగ్గా మేత నోటికి అందే టైముకి అది రెక్కలు టపటపలాడిస్తూ మీదికి దూకింది. కంగారులో క్రిల్ కింద పడింది, గబగబా ఏరుకుని తినేసింది. తర్వాత రెట్ట కూడా తింది! దాని పేరు షీత్‌బిల్. అంటార్కిటికాలో గూడు పెట్టే పక్షుల్లో కాలివేళ్ల మధ్య పొర లేనిది అదొక్కటే. సముద్రంలో దిగి వేటాడలేదు కాబట్టి పెంగ్విన్ల ఇంట్లోనే భోజనం. ఆ ఫోటోలు ఇంకా ఎవరికీ చూపించలేదు.

చిన్నపిల్లలు వస్తుంటే స్కువాల గురించి ముందే చెప్పి తీసుకెళ్లండి. గోధుమరంగు పెద్ద పక్షులు. ఒకటి ముందు నిలబడి పెంగ్విన్‌ని కవ్విస్తుంటే, రెండోది వెనక నుంచి పిల్లని లాక్కుపోయింది. మా అమ్మాయి ఏడ్చేసింది. "గైడ్ ఎందుకు తరమలేదమ్మా?" అంది. దానికీ గూట్లో పిల్లలుంటాయమ్మా అన్నాను. ఆ జవాబు నాకే అంతగా నచ్చలేదు.

ఒడ్డు మీద ఒకేసారి వంద మందికి మించి ఉండనివ్వరు, 5 మీటర్ల దూరం పాటించాలి, పెంగ్విన్ ఎదురొస్తే మనమే తప్పుకోవాలి. మేం వెళ్లిన సీజన్లో బర్డ్ ఫ్లూ భయంతో కింద కూర్చోవడం, మోకాళ్ల మీద వంగడం, ఆఖరికి బ్యాగు నేల మీద పెట్టడం కూడా ఒప్పుకోలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే బుక్ చేసే ముందే ఈ రూల్ ఉందో లేదో కనుక్కోండి. దిగినప్పట్నుంచి మళ్లీ పడవ ఎక్కేదాకా మేం నిలబడే ఉన్నాం.